రెట్టింపు లెక్క

ఏది అడిగినా "ఆగండి, చూసి చెప్తా" అనడం ఆమెకు అలవాటు. అందుకే పత్రికాఫీసులో ఆమెకు ఆగండమ్మ అని పేరు పడింది. నాయకుల మాటల్లో నిజమెంతో తేల్చడం ఆమె ఉద్యోగం. ఇంట్లో ఉండేది ఇద్దరే, ఆమే, సైన్యంలో పనిచేసి రిటైరైన అన్నయ్యా.

ఆ రోజు పొద్దున్నే రక్షణ మంత్రి సభలో అన్నాడు: "అయిదేళ్లలో రక్షణ ఖర్చు రెట్టింపు చేశాం."

ఎడిటర్ వచ్చి ఆమె బల్ల దగ్గర నిలబడ్డాడు. "నిజమా, అబద్ధమా? ఒక్క ముక్కలో చెప్పు."

"ఆగండి సార్."

"టీవీవాళ్లు ఆగరమ్మా!"

ఆమెకు కాలు ఒకచోట నిలవలేదు. బడ్జెట్ పత్రాలు పట్టుకుని కిటికీ దాకా వెళ్లేది, మళ్లీ వచ్చేది. ఆర్థిక శాఖలో ఫోనెత్తే దిక్కు లేదు. మధ్యాహ్నానికి మెలిక దొరికింది. మాజీ సైనికుల పెన్షన్లు ఇదివరకు వేరే పద్దులో ఉండేవి. ఈ అయిదేళ్ల మధ్యలో తెచ్చి రక్షణ పద్దులో కలిపేశారు.

అన్నయ్యకు ఫోన్ చేసింది. "నీ పెన్షన్ ఏమైనా పెరిగిందా?"

"ఎక్కడిదే! ఏం?"

చెప్పింది.

"అంటే నా మోకాలి మాత్రలూ ఫిరంగుల్లో జమ అన్నమాట," అని నవ్వాడు. ఆ నవ్వు ఆమెకు గుచ్చుకుంది.

సాయంత్రానికి వార్త వెబ్‌సైట్లోకి ఎక్కింది: కాగితం మీద రెట్టింపే, పెన్షన్లూ పెరిగిన ధరలూ తీసేస్తే పెరిగింది కొంచెమే. ఎడిటర్ శభాష్ అన్నాడు.

బస్సులో సీటు దొరికినా కూర్చోబుద్ధి కాలేదు. రెండు స్టాపులు దాటాక తన పొరపాటు తట్టింది. అయిదేళ్ల కిందటి అంకె నిజంగా ఖర్చయిన డబ్బు. ఈ ఏడాదిది ఒట్టి కేటాయింపు. రెంటినీ ఎలా పోల్చింది? దిగి, ఆఫీసుకు వెనక్కి నడిచింది. అప్పట్లో కేటాయించిందంతా ఖర్చు కాలేదు; కేటాయింపు పక్కన కేటాయింపు పెట్టి చూస్తే కాగితం మీద కూడా రెట్టింపు కాలేదు. మంత్రి మాటల గారడీని సగమే పట్టుకుని, మిగతా సగంలో తనే పడింది.

"ఇప్పుడు దిద్దితే మన పరువేం కాను?" అన్నాడు ఎడిటర్.

"దిద్దకపోతే రేపు ఏ మొహంతో ఇంకొకర్ని నిలదీయను సార్?"

ఆయన తల గోక్కుని, "సరే, కానివ్వు," అన్నాడు. రాత్రికే దిద్దుబాటు వెబ్‌సైట్లోకి ఎక్కింది.

మర్నాడు మంత్రి మనుషులు ఊరంతా చాటారు, పత్రికే తప్పు ఒప్పుకుందని. ఏ తప్పో ఎవరూ చదవలేదు. మంత్రి ఇంకో సభలో మళ్లీ రెట్టింపన్నాడు.

"నేను నీ వార్తా, దిద్దుబాటూ రెండూ చదివాను," అన్నాడు అన్నయ్య, భోజనాల దగ్గర. "మొదటిది కాస్త పొగరుగా ఉందే. రెండోది బాగుంది."

ఆమె జవాబివ్వబోతుంటే ఫోన్ మోగింది, ఎడిటర్. రక్షణ ఖర్చు సగానికి పడిపోయిందని ప్రతిపక్షనేత అన్నాడట. నోట్లో ముద్ద మింగుతూనే చెప్పులేసుకుంది.