ఒత్తు పోయిన బోర్డు

బస్సు ఆగింది. ఎక్కేవాళ్ళు లేరు, దిగేవాళ్ళు లేరు, దగ్గర్లో ఇల్లన్నది లేదు. డ్రైవరు కిటికీలోంచి సగం బయటికి వచ్చి, రోడ్డు పక్క కల్వర్టు మీద గొడుగు వేసుకుని కూర్చున్న ముసలాయన్ని చూసి అరిచాడు.

"ఓ పెద్దాయనా! ఈ బోర్డు రాసిన మహానుభావుడెవరో తెలుసా? 'నెమ్మదిగా'కి మ ఒత్తు తినేశాడు!"

"తెలీదు బాబూ."

"తెలిస్తే చెప్పండి. పలకా బలపం నేను కొనిస్తానన్నానని చెప్పండి."

"చెప్తాలే బాబూ."

ముసలాయన ఒళ్ళోని నోటుపుస్తకంలో ఒక గీత గీశాడు. బస్సు మొదటి గేరులో మూలుగుతూ మలుపు వైపు పాకింది. నేను ఆపమని కేకేశాను. నా టికెట్టు ఇంకా ముప్పై కిలోమీటర్లకి ఉందని కండక్టరు గుర్తుచేశాడు. ఆ ముప్పై కిలోమీటర్లూ ఆయన్నే వాడుకోమని చెప్పి దిగిపోయాను.

నేను రోడ్ల మీద చాలాకాలం తిరిగాను. హెచ్చరిక బోర్డులన్నీ వదలకుండా చదివేవాణ్ణి. నేను నడిచి తిరిగేవాణ్ణి కాబట్టి, నాకు అవి చదివే తీరిక ఉండేది. నడిచేవాడికి వాటితో పనిలేదు. పని ఉన్నవాళ్ళు వాటిని చదవగా నేను ఎన్నడూ చూడలేదు. ఒక బోర్డు కోసం నిండు బస్సు ఆగడమంటే, నాకు తోకచుక్క కనబడినంత పనైంది.

బోర్డు దగ్గరికి నడిచాను. పసుపు రేకు మీద నల్లటి అక్షరాలు, "ముందు మలుపు ఉంది. నెమదిగా రండి." ఆ అక్షరాలు చూసి మరికాసేపు నిలబడ్డాను. ఒక్కో గుడి, ఒక్కో కొమ్ము కొలిచి పోసినట్టు ఉన్నాయి. తలకట్లన్నీ ఒక్క వరసలో నిలబడ్డాయి. ఒత్తు తెలియనివాడి చెయ్యి కాదది.

"ఇది మీరే రాశారు" అన్నాను, కల్వర్టు దగ్గరికి వచ్చి.

ఆయన గొడుగు కొంచెం పక్కకి వంచి నన్ను ఎగాదిగా చూశాడు. "మీరు ఈ చుట్టుపక్కలవారేనా?"

"కాదు."

"ఇక్కడ ఎవరైనా తెలిసినవాళ్ళున్నారా?"

"లేరు."

"అయితే నేనే" అని, కూర్చోమని పక్కన చోటిచ్చాడు.

ఆయన్ని ఊళ్ళో అక్షరాల మేస్త్రి అంటారు. నలభై రెండేళ్ళుగా బోర్డులు రాస్తున్నాడు. దుకాణాలకి, బళ్ళకి, ఆస్పత్రికి, పోటీచేసి ఓడినవాళ్ళకి, గెలిచినవాళ్ళకి. ప్రతి బోర్డుకీ కుడివైపు కింద మూల చిన్న సంతకం ఉంటుంది. ఆ సంతకం ఉంటే అందులో తప్పు లేనట్టేనని జనం నమ్మకం. ప్రెస్సువాళ్ళు శుభలేఖలు అచ్చుకి ఎక్కించేముందు ఆయనకి చూపించుకుని పోతారు. ఒకసారి ఒక కోర్టు గుమాస్తా తీర్పు కాగితం పట్టుకొచ్చాడట, 'శిక్ష'కి ఏ శ అని.

ఆయన భార్య తెలుగు టీచరు. ఈమధ్యనే రిటైరయింది. "మా ఇంట్లో చాకలి పద్దు కూడా దిద్దుతుంది" అన్నాడు మేస్త్రి. గొప్పగా అన్నాడో, మొత్తుకున్నాడో మొహం చూస్తే తెలియలేదు. ఆయన మొహం ఎప్పుడూ తడి ఆరని బోర్డులాగా జాగ్రత్తగా ఉంటుంది.

మలుపు అవతల నూలుమిల్లు ఉంది. ఆరేళ్ళ కిందట మిల్లువాళ్ళు అడిగితే ఈ బోర్డు రాశాడు. ఒత్తులతో సహా రాశాడు, సంతకం పెట్టాడు. ఏడాది తిరక్కుండా దారం చుట్టే పనిచేసే ఒకామె షిఫ్టు దిగి రోడ్డు దాటుతుంటే వ్యాను కొట్టేసింది. ఆమె అన్నం డబ్బా ఎగిరి బోర్డు కింద పడింది. మిల్లులో డబ్బాలన్నీ ఒక్కలాగే ఉంటాయి, కలిసిపోతున్నాయని ఆమె అంతకుముందు నెలలోనే మేస్త్రి దగ్గరికొచ్చి దాని మీద పేరు రాయించుకుంది.

"పైన నా అక్షరాలు, కింద నా అక్షరాలు" అన్నాడు మేస్త్రి. "డబ్బా మీదవి చదివే ఎవరిదో గుర్తుపట్టారు. బోర్డు మీదవి మటుకు ఎవరూ చదవలా. రెండిట్లోనూ చెయ్యి ఒకటే, రంగు ఒకటే. మరి తేడా ఎక్కడుంది అని కూర్చున్నా."

అలా కూర్చోవడం ఐదేళ్ళయింది. పొద్దున్న రెండు గంటలు, మిల్లు షిఫ్టు దిగేటప్పుడు రెండు గంటలు. ఆగినవాళ్ళకి ఒక గీత, వేగం తగ్గించినవాళ్ళకి ఒక చుక్క, ఊరికే పోయినవాళ్ళకి ఏమీ లేదు. మొదటి మూడేళ్ళ పుస్తకాల్లో కాగితం శుభ్రంగా ఉంది.

"పుర్రె బొమ్మ వేశా. కుర్రాళ్ళు దాని పక్కన నిలబడి ఫోటోలు దిగారు. ఎర్రరంగు వేశా. పార్టీ బోర్డనుకుని అవతలి పార్టీవాళ్ళు రాళ్ళేశారు. ఏడుస్తున్న ఇల్లాలి బొమ్మ వేస్తే, ఏ సినిమా అని అడిగారు. చివరికి పద్యం రాశానండీ."

"ఎవరైనా ఆగారా?"

"ఒక్కరు. మా ఆవిడ. అది కూడా నడిచి వచ్చింది. యతి తప్పిందని చెప్పి వెళ్ళిపోయింది."

ఆ తర్వాత మళ్ళీ మామూలు అక్షరాలే రాశాడు. ఒకరోజు ఎత్తుగా గడ్డి వేసుకున్న లారీ పోతూ పోతూ బోర్డుని గీకేసింది. సరిగ్గా మ ఒత్తు మటుకే లేచిపోయింది. మర్నాడు దిద్దుదామని రంగు డబ్బా పట్టుకొస్తే, ఒక మోటారుసైకిలాయన ఆగి ఉన్నాడు. 'ఒత్తు పోయింది, చూసుకోండి' అన్నాడు. నాలుగేళ్ళలో ఆ బోర్డు చదివి ఆగిన మొదటి వాహనం అది. మేస్త్రి రంగు డబ్బా మూత మళ్ళీ బిగించేశాడు. ఆ సాయంత్రానికి పదకొండుమంది ఆగారు.

"అప్పుడర్థమైంది. ప్రాణం పోతుందంటే ఎవడూ ఆగడండీ. ఎదుటివాడు తప్పు రాశాడంటే బండి పక్కకి తీసి మరీ ఆగుతాడు."

అయితే ఏ తప్పయినా పనికిరాదు. అది కనిపెట్టడానికి మరో ఆరు నెలలు పట్టిందట. దీర్ఘం తీసి 'నెమ్మదిగ' అని రాస్తే, కవిత్వమేమో అనుకుని పోయారు. అన్నీ తప్పులు రాస్తే, ఎవడో చదువురానివాడు పాపం అని జాలిపడి పోయారు. మంచి అక్షరాల్లో ఒక్కటే తప్పుండాలి, అదీ చూసేవాడికి కచ్చితంగా తెలిసిన తప్పయి ఉండాలి. మొదట్లో 'రండి' బదులు 'వెళ్ళండి' ఉండేది. దాన్ని 'వెళ్లండి' చేసి చూశాడు. ఇద్దరు ఆగారు. ఒకాయన తప్పన్నాడు, ఒకాయన అదే ఒప్పన్నాడు. రోడ్డుకి అడ్డంగా గంటన్నర వాదించుకున్నారు, వెనక అరకిలోమీటరు బళ్ళు నిలిచిపోయాయి. అది ప్రమాదమని తీసేసి 'పోండి' అని పెట్టాడు. మమ్మల్ని పొమ్మంటావా అని ఒక పెద్దమనిషి కోప్పడ్డాడు. 'రండి' అంటే ఇంతవరకు ఎవరికీ కోపం రాలేదు.

రోజూ పోయేవాళ్ళకి ఇరవై రోజుల్లో తప్పు అలవాటైపోతుంది. అందుకని తప్పుని మారుస్తుంటాడు. ఒకసారి ఒత్తు, ఒకసారి సున్నా, ఒకసారి మలుపుకి ళ. పద్నాలుగు నెలలుగా ఇదే పని. ఈ పద్నాలుగు నెలల్లో మలుపులో పడ్డది ఒక్కడే. సైకిలు మీద నవ్వుకుంటూ పోయి పడ్డాడు, దెబ్బ తగల్లేదు.

నాకు పాత శాసనాలు గుర్తుకొచ్చాయి. చదివినవాడికి ఉండే జబ్బు అది, ఎక్కడున్నా ఏదో ఒకటి గుర్తుకొస్తుంది. రాతి మీద శిల్పి అక్షరం తప్పు చెక్కితే, వందల ఏళ్ళ తర్వాత పండితులు కూర్చుని రాజు చేసిన దానం సంగతి వదిలేసి ఆ తప్పు మీదే పుస్తకాలు రాస్తారని చెప్పాను.

"ఆ చెక్కినవాడి పేరు ఉంటుందా రాతి మీద?"

"చాలావాటి మీద ఉండదు."

"అదృష్టవంతుడు" అన్నాడు మేస్త్రి.

ఆయన బాధల్లా అదే. మొదటి తప్పు దొరికిన రోజే ఆయన సంతకాన్ని బ్లేడుతో గీకేశాడు. ఈ బోర్డు ఎవరు రాశారని ఊరంతా తిట్టుకుంటుంటే, ఆయన కూడా తల ఊపుతాడు. ఒక యూనివర్సిటీ అమ్మాయి మటుకు నాలాగే అక్షరాలు చూసి పట్టేసింది. ఇది కళా పరిశోధన అండీ, సమాజంలో ఉన్న సమస్యకి కళ ఇచ్చే జవాబండీ, మీ పేరుతో ఎగ్జిబిషన్లో పెడతామంది. అక్కడ జనం నెమ్మదిగానే నడుస్తారు కదమ్మా, బోర్డెందుకు అన్నాడట. అసలు భయం పేరు. భార్య ముందే చెప్పింది. "మీరు ఒత్తు తీసుకోండి, దీర్ఘం తీసుకోండి, అచ్చులన్నీ తీసేసుకోండి. ముప్పై ఏళ్ళు ఆ ఒత్తుల కోసమే పిల్లల చెవులు మెలిపెట్టాను. మీ పేరు బయటికొచ్చిందో, ఆ పిల్లలంతా నా చెవి మెలిపెట్టడానికి వస్తారు." బజారుకి పోవాలంటే ఆమె ఈ దారిన రాదు. చుట్టూ తిరిగి రెండు కిలోమీటర్లు ఎక్కువ నడుస్తుంది.

ఇంతలో జీపు ఒకటి వచ్చి బోర్డు ముందు ఆగింది. ఒకాయన దిగి, చదివి, "మ ఒత్తు లేదే!" అన్నాడు. మేస్త్రి గీత గీశాడు. ఆయన రోడ్ల ఇంజనీరు. జీపు వెనక ఇద్దరు మనుషులు, వాళ్ళ మధ్య ప్లాస్టిక్ కవరు చుట్టిన కొత్త బోర్డు. ఒత్తుతో సహా.

"మేస్త్రిగారూ, మీరెందుకున్నారిక్కడ?"

"గాలి కోసం."

"పనిలో పని, ఇటు రండి. ఈ బోర్డు మీద నలభై ఒక్క ఫిర్యాదులొచ్చాయి. ఒకాయన మూడుసార్లు రాశాడు. మూడోదాంట్లో మంత్రిగారికి నకలు పెట్టాడు."

"ఈ మలుపులో మనుషులు చచ్చిపోతున్నారని ఎన్నొచ్చాయి?"

"రెండు."

"అందులో ఒకటి నాది."

"రెండోది కూడా మీదేనండీ. అప్పుడు బడ్జెట్టు లేదు. భాషకి వేరే బడ్జెట్టు ఉంది." ఇంజనీరు కొత్త బోర్డు దింపమని సైగ చేశాడు.

మేస్త్రి లేచాడు. నోటుపుస్తకాలన్నీ సంచిలోంచి తీసి జీపు బానెట్టు మీద పరిచాడు. శుభ్రమైన పుస్తకాలు ఒకవైపు, గీతల పుస్తకాలు ఒకవైపు. ఇంజనీరు చెడ్డమనిషి కాదు, చాలాసేపు తిరగేశాడు. చివరి పేజీలో తను వచ్చినప్పుడు గీసిన గీత కూడా చూశాడు.

"నేనూ ఆగానన్నమాట" అన్నాడు.

"ఆగారు."

"కానీ బోర్డు చూస్తూ ఎవరైనా గుంటలో పడితేనో?"

"గుంట మీరు పూడిస్తే పడరు."

ఇంజనీరు ఆ మాట విననట్టు పుస్తకం మూశాడు. "చూడండి మేస్త్రిగారూ, ఫైల్లో ఒత్తు తప్పు అని ఉంది. ప్రాణాల సంగతి లేదు. మిల్లువాళ్ళని అడిగాం, తప్పున్న బోర్డు మాది కాదని రాసిచ్చారు. దిక్కులేని బోర్డయితే ఇవాళే పీకేయాలి. ఎవరిదన్నా అయితే వేరే లెక్క. వాళ్ళకి నోటీసివ్వాలి, నెల గడువివ్వాలి, జవాబొస్తే విచారించాలి, దాని మీద అప్పీలు."

"ఎంతకాలం పడుతుంది?"

"మా ఆఫీసులోనా? నేను రిటైరవుతాను."

"మీకెంత సర్వీసుంది?"

"పదకొండేళ్ళు."

మేస్త్రి బోర్డు కుడి మూల వైపు చూశాడు. గీకిన చోట రేకు మెరుస్తోంది. "సంతకం చాలా?"

"పొట్టి సంతకం చాలదండీ. నోటీసు వెయ్యాలంటే ఇంటిపేరుతో సహా నిండుపేరు ఉండాలి. దూరం నుంచి కనబడాలి."

మేస్త్రి ఫోను తీశాడు. ఆయనకి చెవుడు కొంచెం, అందుకని అటువైపు మాట మా అందరికీ వినబడింది.

"టీచరమ్మా, బోర్డు పీకేస్తామంటున్నారు. పేరు రాస్తే ఉంచుతారంట."

"ఎవరి పేరు?"

"నాదే."

"ఇంటిపేరు రాయకండి. అది మీ ఒక్కరిదీ కాదు, ముప్పై ఎనిమిదేళ్ళుగా నాది కూడా."

"ఇంటిపేరు ఉండాలంటున్నారు."

అటువైపు కుక్కరు కూత వేసింది. రెండోది కూడా వేసింది.

"ఇప్పుడు ఏ తప్పుంది?" అంది టీచరమ్మ.

"మ ఒత్తు."

"మ ఒత్తా! రెండో తరగతి తప్పండీ అది! కనీసం ఏ సంధో సమాసమో తప్పు రాసి ఉంటే నేను నలుగురికీ జవాబు చెప్పుకునేదాన్ని."

"సంధి తప్పు ఎవరికీ తెలియదే. ఆగరు."

"ఇంటిపేరు రాస్తే ఇంటికి రాకండి" అని ఆమె పెట్టేసింది.

ఇంజనీరు ఆకాశం చూశాడు. కొత్త బోర్డు పట్టుకున్న ఇద్దరూ దాన్ని ఎటు తిప్పాలో తెలియక మోస్తూ నిలబడ్డారు. మిల్లులో షిఫ్టు దిగినట్టుంది, మలుపు అవతలి నుంచి ఆడవాళ్ళ మాటలు, నవ్వులు వినబడ్డాయి. వాళ్ళు నలుగురైదుగురుగా రోడ్డు దాటుతున్నారు. ఇటు నుంచి ఒక వ్యాను జోరుగా వచ్చి, బోర్డు దగ్గర కీచుమని తగ్గి, నెమ్మదిగా పోయింది. మేస్త్రి అలవాటుగా జేబులో పెన్ను కోసం తడుముకున్నాడు. పుస్తకాలు బానెట్టు మీద ఉన్నాయి.

అప్పుడు సంచిలోంచి నల్లరంగు డబ్బా తీసి, మూత తిప్పి, మూడో నంబరు బ్రష్షు ముంచాడు. ముందు ఇంటిపేరు రాశాడు. ఆ తర్వాత తన పేరు, ఆ తర్వాత 'రాసినది' అని. అక్షరాలు జానెడు ఎత్తున వచ్చాయి, ఒక్క తప్పు లేదు. ఇంజనీరు దాన్ని చదివి, ఫైల్లోకి ఎక్కించుకుని, "జవాబు మెల్లిగా ఇవ్వండి, తొందరేం లేదు" అన్నాడు.

మేస్త్రి బ్రష్షు గడ్డికి తుడిచాడు. పుస్తకాలు సంచిలో వేసుకుని, గొడుగు మూసి చంకలో పెట్టుకున్నాడు. రెండు దార్లున్నాయి, ఒకటి మిల్లు వైపు, ఒకటి ఊరి వైపు. నేను ఆయనకి ఏదో ఒక మంచిమాట చెప్పాలని వెతుక్కుంటున్నాను. ఆయన ఊరి దారి పట్టాడు. ఎదురుగా వస్తున్న మోటారుసైకిలతను బోర్డు ముందు ఆగి, పేరు గట్టిగా చదివి, "అయ్యో, మీరా మేస్త్రిగారూ!" అన్నాడు. మేస్త్రి "నేనే" అని, ఆగకుండా, మా ఎవరివైపూ చూడకుండా నడిచిపోయాడు.