గట్టు మీద ఒకరుండాలి

మా పెళ్ళయి పాతికేళ్ళు నిండిన శనివారం పొద్దున నేను సర్దుకున్న సంచిలో ఎనిమిది చీరలున్నాయి. వెళ్ళేది రెండు రోజులకి. చీరలతో పాటు నా బీపీ మాత్రలు, ఆధార్ కార్డు, మా అమ్మ ఇచ్చిన వెండి కుంకుమ భరిణె కూడా పెట్టుకున్నాను. ఆదివారం సాయంత్రం తిరుగు రైలు ఎక్కకుండా మద్రాసులోనే మా అమ్మాయి దగ్గర ఉండిపోవాలని నేను అనుకుంటున్న సంగతి ఆ అమ్మాయికి తప్ప ఎవరికీ తెలియదు.

"రెండు రోజులు నాన్నతో తిరిగి చూడమ్మా. అప్పటికీ నీకు అట్నే అనిపిస్తే ఉండిపో. నేను అడ్డం చెప్పను" అంది. అది అక్కడ ఒక ల్యాబులో పనిచేస్తుంది. ఆ రెండు రోజులూ దానికి డ్యూటీ. పెళ్ళిరోజు కానుకగా మైలాపూరులో లాడ్జి గది, శనివారం మ్యూజియం, సాయంత్రం వయొలిన్ కచేరీ, ఆదివారం నాట్యం, అన్నీ తనే ఏర్పాటు చేసింది. చిన్నప్పుడు నేను నెల్లూరులో ఆరేళ్ళు సంగీతం నేర్చుకున్నానని దానికి గుర్తుంది. మా ఇంట్లో గుర్తున్నది దానికొక్కదానికే.

వదిలేసి పోయేంత తప్పు మొగుడు ఏం చేశాడని అడుగుతారు. ఏమీ చేయలేదు. తాగడు, కొట్టడు, గట్టిగా ఒక మాట అనడు. అసలు మాటే అనడు. నా గొడవ అదే.

మాది తోటపల్లి గూడూరు పక్కన. నేను కాపురానికి వచ్చినప్పుడు వరి పొలం. తర్వాత దాన్ని తవ్వి రొయ్యల చెరువు చేశారు. రొయ్యల చెరువులో నీళ్ళకి గాలి అందడానికి ఏరియేటర్లని చక్రాల యంత్రాలు తిరుగుతూనే ఉండాలి. కరెంటు పోతే అవి ఆగుతాయి. అవి ఆగితే కాసేపటికే రొయ్యలు ఊపిరాడక పైకి తేలతాయి. కాబట్టి కరెంటు పోయిన వెంటనే జనరేటరు వేయడానికి చెరువు దగ్గర ఎప్పుడూ ఒక మనిషి కావాలి. ఒకసారి జీతానికి మనిషిని పెట్టుకుని నమ్మాం. అతను నిద్రపోయాడు. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఒకటే చట్టం. "గట్టు మీద ఒకరుండాల" అనేవాడు ఆయన. ఆ ఒకరు ఆయన, లేకపోతే నేను.

పదహారేళ్ళు అలా గడిచాయి. పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ వంతులు వేసుకుని వెళ్ళాం. మా తమ్ముడి పెళ్ళిలో ముహూర్తానికి నేను, రిసెప్షన్‌కి ఆయన. బంధువుల ఆల్బమ్‌లు ఎన్ని తిరగేసినా ఒకే ఫోటోలో మేమిద్దరం కనపడం. "మీరు మొగుడూ పెళ్ళాలా, షిఫ్టు డ్యూటీ వాళ్ళా" అని మా వదిన ఎగతాళి చేసేది. కృష్ణపట్నం కరెంటు ప్లాంటులో పనిచేసే వాళ్ళకైనా వారానికో సెలవుంటుంది వదినా, మాకు అదీ లేదు అని నేనూ నవ్వేదాన్ని. ఇంటికొచ్చాక నవ్వొచ్చేది కాదు.

చెరువు పక్కనే ఇల్లు, ఆ ఏరియేటర్ల చప్పుడులోనే పడుకునేవాళ్ళం. చప్పుడు ఆగితే చాలు, ఇద్దరికీ ఒకేసారి మెలకువ వచ్చేది. చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తేవాళ్ళం. గట్టు బురదలో నేను జారతానని ఆయన నా ముంజేయి పట్టుకునేవాడు. మా కాపురంలో ఆయన నా చెయ్యి పట్టుకున్నది అలాంటప్పుడే.

పోయిన కార్తీకంలో తెల్లమచ్చ రోగం వచ్చి మూడు రోజుల్లో చెరువంతా పోయింది. నీళ్ళు వదిలేసి, ఏరియేటర్లు తీసి షెడ్డులో పెట్టారు. సిగ్గు విడిచి నిజం చెబుతున్నాను, నాకు లోపల సంతోషం వేసింది. ఇక మేమూ నలుగురిలా బతుకుతాం అనుకున్నాను. ఆయన మాత్రం పొద్దున టిఫిన్ తిని వెళ్ళి ఆ ఎండిన చెరువు గట్టు మీద కూర్చునేవాడు. అన్నానికి పిలిస్తే వచ్చి, తిని, మళ్ళీ వెళ్ళేవాడు. మూడు నెలలు అదే వరస. పలకరిస్తే ఊ అనడం, లేకపోతే అదీ లేదు. ఇంట్లో చప్పుడన్నది లేక ఇద్దరికీ నిద్ర కరువైంది. నాకు పిచ్చెక్కుతుందని భయం పట్టుకుంది. అందుకే ఎనిమిది చీరలు.

నెల్లూరు స్టేషన్‌లో నా సంచి ఎత్తి బెర్తు మీద పెడుతూ ఆయన ఒక్క క్షణం ఆగాడు. మేత బస్తా చేత్తో ఎత్తి బరువు చెప్పే మనిషి. కానీ ఏమీ అనకుండా పెట్టేసి కిటికీ దగ్గర కూర్చున్నాడు. దారిలో చెరువులు కనపడ్డప్పుడల్లా నోరు విప్పాడు. "ఇది గూడా ఎండబెట్టేసినారు." కాసేపాగి, "దీంట్లో రెండే తిరగతా ఉండాయి." సూళ్ళూరుపేట దాటిందాకా అదే మాట్లాడాడు. నేను కొత్త చీర కట్టుకుని, తలలో కనకాంబరాలు పెట్టుకుని ఎదురుగా కూర్చున్నాను. నేనూ ఒక చెరువునై ఉంటే చూసేవాడేమో.

మ్యూజియంలో కంచు విగ్రహాల గది చల్లగా ఉంది. పక్కపక్కన కూర్చున్న శివపార్వతుల ముందు నేను చాలాసేపు నిలబడ్డాను. ఏమైనా అంటాడేమోనని ఓరగా చూస్తే ఆయన గోడమీది ఏసీని చూస్తున్నాడు. కాపలా మనిషికి తెలుగు వచ్చని తెలిసి దగ్గరికి వెళ్ళాడు.

"అన్నా, కరెంటు పోతే వీటికేమన్నా అయితాదా?"

"వెయ్యేళ్ళ నాటివండీ. ఏం కాదు."

"అదురుష్టం" అన్నాడు ఆయన.

నాకు నవ్వొచ్చింది. నవ్వుతుంటేనే కళ్ళలో నీళ్ళు తిరిగాయి, పక్కకి తిరిగి కొంగుతో తుడుచుకున్నాను.

సాయంత్రం కచేరీకి రెండో వరసలో సీట్లు. కల్యాణి మొదలుపెట్టారు. ఆరేళ్ళు నేర్చుకున్నదాన్ని, రాగం పేరు వెంటనే తట్టింది. అంతే, ఆ పేరు దగ్గరే ఆగిపోయాను. ఒకప్పుడు ఆ రాగం వింటే ఒళ్ళు పులకరించేది. ఇప్పుడు వయొలిన్ పైన సాగిపోతుంటే నా చెవి వెనకాల మోగే తంబూరా శ్రుతినే పట్టుకుని వేలాడింది. ఆగుతుందా, ఆగుతుందా అని చూస్తోంది. పదహారేళ్ళు ఒకే చప్పుడుకి కాపలా కాసిన చెవి అది. సంగీతం కోసం దాచుకున్నదేదో నాలో ఉందనీ, తీరిక దొరికితే తీసి చూసుకోవచ్చనీ ఇన్నాళ్ళూ అనుకున్నాను. తీరా చూస్తే ఏమీ లేదు.

ఆయన నిద్రపోయాడు. మూడు నెలల తర్వాత, కూర్చున్న చోటే, నోరు కొంచెం తెరిచి, పసిపిల్లాడిలా నిద్రపోయాడు. మొదట తల తీసేసినట్టయింది. తర్వాత లేపబుద్ధి కాలేదు. మంగళం వాయించినా లేవలేదు, చప్పట్లకీ లేవలేదు. చివర్న తంబూరా ఆపారు. ఆ ఆగడంతో ఉలిక్కిపడి లేచి నా వైపు చూశాడు. ఆ చూపు నాకు తెలుసు.

ఆదివారం పొద్దున హోటల్లో ఇడ్లీ తింటూ, చెప్పేద్దామనుకుని, చెప్పలేక వేరే ప్రశ్న అడిగాను.

"మన పెళ్ళినాడు మీకేం గుర్తుంది?"

ఆలోచించాడు. "కరెంటు పోయినాది. మీ నాయన ఎవురింటి నించో పెట్రోమాక్సు లైటు తెప్పించినాడు."

"ఇంకా?"

"ఇంకేముందిమే."

నాకు గుర్తున్నది వేరు. తలంబ్రాలు పోసేటప్పుడు, నా కంట్లో పడకుండా, ఆయన ఒక చేత్తో నా నుదుటి మీద గొడుగులా పట్టి రెండో చేత్తో పోశాడు. పక్కనున్న ఆడవాళ్ళంతా నవ్వారు. ఆ ఒక్కదాని మీద నేను పాతికేళ్ళు కాపురం చేశాను. అది ఆయనకి గుర్తులేదు. సాయంత్రం స్టేషన్‌లో చెప్పేయాలని ఆ ఇడ్లీ ముందే గట్టిగా నిశ్చయించుకున్నాను.

నాట్యం నాలుగింటికి. నిన్నటి కచేరీలో దీపాలు ఆర్పలేదు. ఇక్కడ ఆర్పుతారని మాకు తెలియదు. నాటకాలకీ నాట్యాలకీ వెళ్ళి ఎన్నేళ్ళయిందో. జనం నిండిపోయారు, తలుపులు మూశారు, ఉన్నట్టుండి హాలంతా చీకటైపోయింది.

నేను లేచి పరుగెత్తుతున్నానని నాకు మెట్ల మీద తెలిసింది. ఆయన చెయ్యి అప్పటికే నా ముంజేయి పట్టుకుని ఉంది. ఎవరి కాళ్ళో తొక్కాను. వెనకనుంచి అరవంలో ఎవరో కసిరారు. తలుపు తోసుకుని బయట పడ్డాం.

బయట అన్ని లైట్లూ వెలుగుతున్నాయి. కాఫీ అమ్మే చోట ఇద్దరు ముగ్గురు గ్లాసులు పట్టుకుని మమ్మల్ని వింతగా చూశారు. ఇద్దరం రొప్పుతూ నిలబడ్డాం. లోపల మృదంగం మొదలైంది.

"ఏడికి పరిగెత్తినాంమే?" అన్నాడు ఆయన. "మనకేం లేదు గదా ఇప్పుడు."

ఆ క్షణంలో నాకు తెలిసినంత స్పష్టంగా నా కాపురం ఎప్పుడూ తెలియలేదు. పాతికేళ్ళలో మేమిద్దరం కలిసి, ఒక్క మనిషిలా, చేయగలిగిన పని ఇదొక్కటే. భయపడి పరుగెత్తడం. అది తీసేస్తే మా మధ్య మిగిలేది ఏదీ లేదు. ఆ ఒక్క చెయ్యీ కూడా చెరువుతో పోయింది.

ఆయన నా ముంజేయి వదిలాడు. వేళ్ళ గుర్తులు ఎర్రగా పడ్డాయి.

"నిన్న నీ సంచి ఎత్తినప్పుడే తెలిసినాది" అన్నాడు, కాఫీ గ్లాసుల వైపు చూస్తూ. "రెండు రోజుల బరువు కాదది."

"అడగలేదేం?"

"అడిగితే నువ్వు నాతో ఊరికి వచ్చేస్తావు. అందుకే అడగలా."

మూడు నెలల్లో ఆయన నాతో అన్న అతి పెద్ద మాట అది. అది విని ఆయన వెంట ఊరికి వెళ్ళిపోయి ఉంటే కథ వేరే ఉండేది. నేను వెళ్ళలేదు. మళ్ళీ ఆ గట్టునీ, ఆ వీపునీ చూస్తూ బతికే ఓపిక నాలో వెతికాను. లేదు. ప్రేమ లేకపోవడం కాదది. అరిగిపోవడం. ఏదైనా ఫలితం ఒకటే.

అమ్మాయి డ్యూటీ దిగి నేరుగా స్టేషన్‌కి వచ్చింది. మా ఇద్దరి మొహాలు చూసింది. ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి ఫోన్‌లో ఫోటో తీసింది. ఆయన తన సంచి భుజానికి తగిలించుకుని, నా సంచి తెచ్చి నా కాళ్ళ దగ్గర జాగ్రత్తగా పెట్టాడు.

"మీరూ ఉండండి" అన్నాను. నిజంగానే అన్నాను. "ఊళ్ళో ఏముంది ఇప్పుడు?"

ఆయన తల అడ్డంగా ఊపాడు.

"ఇద్దరం వచ్చేస్తే ఎట్టా. గట్టు మీద ఒకరుండాల గదా."

ఆ చెరువులో చీలమండ తడిసేంత నీళ్ళు లేవు. ఆ మాట నోటిదాకా వచ్చింది, అనలేకపోయాను. రైలు కదిలాక ఆయన కిటికీలోంచి అమ్మాయికి చెయ్యి ఊపాడు. నా వైపు మాత్రం, వంతు మారేటప్పుడు ఊపినట్టు, తల ఒక్కసారి కిందికి ఊపాడు.

పది రోజుల తర్వాత మధ్యాహ్నం ఫోన్ చేశాడు. తిన్నావా, తిన్నాను అయ్యాక, వెనకాల చప్పుడు వినపడింది.

"చెరువుకి నీళ్ళు పెట్టినా" అన్నాడు.

"రొయ్య పిల్ల వేశారా?"

"లేదు. ఊరికే. రెండు ఏరియేటర్లు తిప్పతా ఉండా. చప్పుడు లేకపోతే నిద్ర పట్టలేదు."

ఒక్క రొయ్య లేని నీళ్ళలో రెండు చక్రాలు తిరుగుతున్నాయి. నాకు ఆయన మీద జాలి కలగాలి. అసూయ కలిగింది. పది రోజులుగా అమ్మాయి అపార్టుమెంటులో నేనూ కన్ను మూయలేదు.

"పెట్టేయకండి" అన్నాను. "ఫోన్ అట్నే గట్టు మీద పెట్టండి కాసేపు."

పెట్టాడు. నేను చెవి కింద ఫోన్ పెట్టుకుని చాప మీద ఒరిగాను. ఎప్పుడు నిద్రపట్టిందో తెలియదు. మెలకువ వచ్చేసరికి నేను వీధి తలుపు తీసుకుని మూడో అంతస్తు మెట్ల మీద, చెప్పుల్లేకుండా నిలబడి ఉన్నాను. చేతిలో ఫోన్ చార్జింగ్ అయిపోయి, చప్పుడు ఆగిపోయింది. ముంజేయి పట్టుకోవడానికి పక్కన ఎవరూ లేరు.