బొటనవేలి కింది ముడి

నా చిన్నప్పుడు, ఎనిమిదేళ్ళ వయసులో, మా మామ్మ నా చేతిలోని ముడుల దారం చూసి "ముందేటయిందో అక్కడ్నుంచి సెప్పే" అన్న క్షణాన నాకు మొదటిసారి భయమంటే ఏమిటో తెలిసింది. అరుగు నిండా జనం. ఆ ఉదయమే కెరటానికి తెప్ప తిరగబడింది. తెప్ప దుంగ మోకాలి మీద పడిన మా చిన్నాన్నని విజయనగరం ఆసుపత్రికి తీసుకుపోయారు. ఒడ్డున ఉండి మొదటినుంచీ చూసినదాన్ని నేనే. దారానికి ఐదు ముడులున్నాయి. మొదటి ముడి నా బొటనవేలి కింద ఉంది.

ఆ దారం సంగతి చెప్పాలి. మాది భోగాపురం దగ్గర సముద్రపొడ్డు పల్లె. మా పక్కింటి అక్క పదో తరగతి చదివింది. సాయంత్రాలు పిల్లలందర్నీ తన గుమ్మంలో కూర్చోబెట్టి కథల పుస్తకాలు చదివించేది. చదివింది తిరిగి చెప్పమంటే నేను నాకు నచ్చిన చోటునుంచి మొదలెట్టేదాన్ని. ఒకసారి పీత బుట్టలోంచి తప్పించుకుందని మొదలుపెడితే అక్క పడిపడి నవ్వింది. "బుట్టలోకెలాగొచ్చిందే ఆ పీత? మబ్బులోంచి పడిందేటి?"

ఆ తర్వాత వల బాగుచేయగా మిగిలిన దారం ముక్క ఇచ్చి, కథలో జరిగిన ఒక్కొక్క సంగతికీ ఒక్కొక్క ముడి వేయించింది. మొదటి ముడి పట్టుకుని ఆ సంగతి చెప్పాకే వేలు రెండోదాని మీదకి జరపాలి. వరస తప్పితే ముడి విప్పి మళ్ళీ వేయాలి. నైలాను దారానికి పడిన ముడి విప్పడం ఎంత కష్టమో వల కుట్టే ఇంటి పిల్లలకి తెలుసు. అందుకని ముడి వేసేముందే ఆలోచించడం నాకు అలవాటైంది.

ఆ ఉదయం అక్క బోరింగు దగ్గర్నుంచి నిండు బిందెతో వస్తోంది. ముందురోజు చదివిన కథకి ముడులన్నీ సరిగ్గా వేశానని చూపించే ఆత్రంలో నేను పరిగెత్తుకెళ్ళి ఆమెను గుద్దుకున్నాను. బిందెడు నీళ్ళూ ఇసకపాలయ్యాయి. అక్క కోప్పడలేదు. తడిసిన నా గౌను అంచు పిండి, ఖాళీ బిందె చంకన పెట్టుకుని మళ్ళీ బోరింగు వైపు తిరిగింది. సరిగ్గా అప్పుడే వల మోసుకుంటూ మా చిన్నాన్న వాళ్ళు ఎదురయ్యారు. వేటకి పోయేవాళ్ళకి నిండు బిందె ఎదురొస్తే మంచిదంటారు. ఖాళీ బిందె ఎదురొస్తే కాసేపు కూర్చుని, గుక్కెడు నీళ్ళు తాగి వెళ్ళమంటారు. చిన్నాన్న ఆగలేదు. తెప్ప తోశారు. ఒడ్డు దాటకముందే కెరటం దాన్ని తలకిందులు చేసింది.

ఆయన్ని తీసుకుపోయాక, ఏం చేయాలో తెలియక, నేను మూలన కూర్చుని ఇంకో దారం ముక్కకి ఆ ఉదయం జరిగినదంతా ముడులుగా వేశాను. మొదటి ముడి, నేను అక్కను గుద్దుకోవడం.

మామ్మ అడిగినప్పుడు ఆ ముడి మీంచి వేలు తీయలేదు. ఇంకో చేత్తో రెండో ముడి పట్టుకుని అక్కడ్నుంచే చెప్పాను. అక్క ఖాళీ బిందెతో ఎదురొచ్చింది, తర్వాత చిన్నాన్న ఆగకుండా పోయాడు, తర్వాత తెప్ప తోశారు, తర్వాత కెరటం వచ్చింది. ఎక్కడా తడబడలేదు. "ఎంత వరసగా సెప్తన్నాదో సూడు" అని ఎవరో మెచ్చుకున్నారు కూడా. బిందె వల్లే తెప్ప తిరగబడిందని నేను అనలేదు. ఆ మాట విన్నవాళ్ళే కలుపుకున్నారు. ముందురోజు నుంచీ సముద్రం పోటు మీదుందని ఊరందరికీ తెలుసు. దానికి ఎవరూ ముడి వేయలేదు.

అక్క జనం వెనక నిలబడి ఉంది. ఆమె నా ముఖం చూడలేదు, నా బొటనవేలు చూసింది. నోరు విప్పితే నింద చిన్నపిల్ల మీదకి పోతుందనుకుందో, విప్పినా ఎవరూ నమ్మరనుకుందో, ఇప్పటికీ నాకు తెలియదు. అందరూ లేచాక నా పక్కనుంచి వెళ్తూ ఒక్క మాట అంది.

"నీకు వరస బాగా వొచ్చేసిందే."

ఆ తర్వాత పిల్లల్ని ఎవరూ ఆ గుమ్మానికి పంపలేదు. అక్కావాళ్ళమ్మ ఒడ్డున తెప్పల దగ్గర చేపలు కొని, గంపలో పెట్టుకుని ఊళ్ళలో అమ్మేది. ఆమెకి చేప ఇచ్చేవాళ్ళు లేకపోయారు. రెండు నెలలకి తల్లీకూతుళ్ళు వరి ఊడ్పుల పనికని నరసన్నపేట వైపు వెళ్ళిపోయారు. మళ్ళీ రాలేదు. చిన్నాన్న కుంటుతూనే మిగిలాడు. ఆయన ఇప్పటికీ ఖాళీ బిందెనే తిట్టుకుంటాడు. ఊరెళ్ళినప్పుడల్లా నేను పక్కనే కూర్చుని వింటాను. డిగ్రీ చదివాను, పెళ్ళయి విజయనగరం వచ్చాను, ఇద్దరు పిల్లల తల్లినయ్యాను. ఆ వేలు మాత్రం ఎత్తలేదు.

నిన్న సాయంత్రం రెండో తరగతి చదివే మా అమ్మాయి కథ బొమ్మలు వరసలో పెట్టే హోంవర్కు చకచకా ముగించింది. నాకు ముచ్చటేసింది. అదే ఊపులో బడి సంగతి చెప్పింది. పక్కబెంచీ అబ్బాయి తోశాడట, తర్వాత తను పడిందట, తర్వాత టీచరు వాణ్ణి రోజంతా గోడ దగ్గర నిలబెట్టారట. "వాడు తొయ్యకముందు ఏమైంది?" అని వాళ్ళన్నయ్య మామూలుగా అడిగాడు. అది పిడికిలి మూసుకుంది. బొటనవేలు లోపలికి పోయింది.

ఈ ఉదయం దానికి జడ వేస్తూ, వాళ్ళన్నయ్యని కూడా పక్కన కూర్చోబెట్టుకుని, ఇంతవరకూ మా అమ్మకైనా చెప్పనిది, దారం సంగతి నుంచీ మొత్తం చెప్పాను. "ఆ బిందె ముందు నిండుగానే ఉండేదమ్మా. ఒలకబోసింది నేను. బిందె తెప్పని తిరగెయ్యదు, కెరటం తిరగేస్తాది. అది కూడా నేను చెప్పలేదు. నువ్వు ఈరోజే వెళ్ళి, మీ టీచరుకి మొదటి ముడి నుంచి చెప్పు. ఆ అబ్బాయి ఇంకా నీ పక్కబెంచీలోనే ఉన్నాడు. మా అక్క ఎక్కడుందో నాకు తెలీదు."