తీగ తెగే ఐటమ్

మా అక్క భర్త, అంటే మా బావగారు, సితార్ విద్వాంసుడు. యౌవనమంతా ఉత్తరాదిలో గురువుగారింట గడిపి, నేర్చిన విద్యతో అమలాపురం వచ్చి స్థిరపడ్డారు. కోనసీమలో సితార్‌కు ఎంత గిరాకీ ఉంటుందో తెలుసుకోవడానికి పరిశోధన అక్కరలేదు. వీణ ఎరిగిన ఇళ్ల వాళ్లు దాన్ని పొడుగు వీణ అన్నారు. ఎరగనివాళ్లు గిటార్ అన్నారు.

ఆ దశలో ఆయన జీవితంలోకి ఫ్యూజన్ ప్రవేశించింది. తెచ్చినవాడు ఒక ఈవెంట్ మేనేజరు. కీబోర్డు, డ్రమ్ములు, మురమళ్ళ నుంచి ఒక నాదస్వరం, వాటి నడుమ సితార్. ఈ నాదతరంగాలు రక్తపోటును తగ్గిస్తాయని అతని కరపత్రం చెప్పింది. కాలేజీలో భౌతికశాస్త్రం బోధించి రిటైరైనదాన్ని, ఊరుకోలేకపోయాను.

"ఎవరి రక్తపోటు కొలిచేరు?" అని అడిగాను.

"అందరిదీనండి," అన్నాడతను, ఏమాత్రం తడబడకుండా.

"వాద్యం మొదలుకాక ముందా, తరవాతా?"

"ఆయ్."

బావగారు పక్కనుంచి నవ్వేరు. "మా మరదలు గారికి థర్మామీటరు పెట్టందే జ్వరం కూడా నమ్మకం కుదరదండీ. మీరు కాఫీ తీసుకోండి."

నాదస్వరం పక్కన సితార్ వినబడదు. ఇది అభిరుచి కాదు, ధ్వని తీవ్రతకు సంబంధించిన వాస్తవం. మైకు పెంచితే స్పీకర్లు కూతపెట్టాయి. దానికి మేనేజరు కనిపెట్టిన పరిష్కారం ఏమిటంటే, సితార్ భాగాన్ని రాజమండ్రి స్టూడియోలో ముందుగానే రికార్డు చేయడం, వేదిక మీద దాన్ని వేస్తుంటే బావగారు వేళ్లు కదపడం.

"నేను వాయించిందే కదా," అని సమర్థించుకున్నారాయన. నిజమే. ఒకసారి వాయించారు. తరవాత ప్రతి ఓణీల ఫంక్షన్‌లోనూ దాన్ని అభినయించారు.

మా అక్క ఒక మధ్యాహ్నం కొబ్బరి కోరుతూ నాతో అంది: "ఇంట్లో సాధన మానేసేరే. మొన్న ఎడమచేతి వేలు చూసేను. తీగ ఒరుసుకుని ఏర్పడ్డ ఆ నల్లటి గాడి మాయమైపోతంది. ఇంకొన్నాళ్లుపోతే ఈయన వాయించమన్నా వాయించలేరు. అప్పుడేం మిగుల్తుంది చెప్పు ఈయనకి?"

ఆమె పరిశీలన కచ్చితమైనది.

రాజోలు దగ్గర ఒక రొయ్యల రైతు కూతురి ఓణీల ఫంక్షన్‌లో అసలు సంగతి జరిగింది. సముద్రపు ఉప్పుగాలికి తుప్పుపట్టిన మొదటి తీగ, రాగాన్ని పలికించేది అదే, బావగారు పక్కకు లాగగానే పుటుక్కున తెగింది. తెగిన కొస గాలిలో చుట్టుకుపోవడం ముందు వరసలో కూర్చున్న మేమందరం చూశాం. రాగం మాత్రం ఆగలేదు. తారస్థాయికి నిరాటంకంగా వెళ్లింది, గమకాలతో సహా.

నేను సంతోషించాను, మోసం తేలిపోయిందనుకున్నాను. అంతలో రైతుగారు శాలువా పట్టుకుని వేదిక ఎక్కి, బావగారి పాదాలకు నమస్కరించారు. "తీగ తెగిపోయినా నాదం ఆగలేదండీ! ఇది విద్య కాదండి, సిద్ధి!"

జనం లేచి చప్పట్లు కొట్టారు. బావగారు తల వంచి శాలువా కప్పించుకున్నారు. రికార్డు మోగుతూనే ఉంది.

భోజనాల దగ్గర ఒక పెద్దమనిషి, సితార్‌లో పై తీగల కింద ఉండే సన్న తీగలు పై తీగ లేకుండానే పలికాయని నాకు వివరించారు. అవి పై తీగ కంపనానికి స్పందించి మోగుతాయనీ, పై తీగ తెగాక ఒకటి రెండు క్షణాలకు మించి నిలవవనీ చెప్పాను. పూర్తి రాగం పలకడం అసంభవమన్నాను. ఆయన ఎంతో మర్యాదగా విన్నారు. "ఆయ్. మీరన్నది నిజమేనండి. అందుకే కదండీ సిద్ధి అంటున్నాం," అని నా విస్తట్లో ఇంకో పూతరేకు వేయించారు. ఈ ప్రాంతంలో ఎదుటివారి మాట కాదనరు. ఒప్పుకుని, దాన్నే తమ మాటకు సాక్ష్యంగా పెట్టుకుంటారు.

వారం తిరగకముందే మేనేజరు వచ్చాడు. అమలాపురంలో కొత్త ఫంక్షన్ హాలు ప్రారంభం. "హాలు ఓనరు గారు ఒక్కటే అడిగేరండి. తీగ తెగే ఐటమ్ ఉంటుంది కదా అని."

అతను కొనసాగించాడు. "ముందుగా ఆకురాయితో కొంచెం అరగదీసి ఉంచితే, లాగ్గానే తెగుతుందండీ."

బావగారు నావైపు తిరిగారు. "మరదలా, నీ శాస్త్రం ప్రకారం ఎంత అరగదీస్తే సరిగ్గా తెగుతుందంటావ్?"

పరిహాసమో, నిజంగా అడిగారో నాకు తెలియలేదు. "తీగ ఎందుకండీ, బావగారూ? సితారే తీసేయండి. ఖాళీ చేతుల్లోంచి రాగం వస్తే ఇంకా పెద్ద సిద్ధి," అన్నాను.

ఆయన ముఖం మాడిపోయింది. మా అక్క లోపలికి వెళ్లిపోయింది.

మర్నాడు ఉదయం వాళ్లింటికి వెళ్లేసరికి వీధిలోకే సితార్ వినిపించింది. బాగుందని అనలేను. తీగను లాగినప్పుడు స్వరం చేరవలసిన చోటికి చేరడం లేదు. ప్రతిసారీ కింద ఆగిపోతోంది. తీగను అలాగే మళ్లీ మళ్లీ లాగుతున్నారు. అక్క వంటింట్లో గిన్నెల చప్పుడు కూడా చేయడం లేదు.

ప్రారంభోత్సవంలో బావగారు రికార్డు వేయనివ్వలేదు. డ్రమ్ములను, నాదస్వరాన్ని ఆపించి ఒక్కరే వాయించారు. రెండుసార్లు స్వరం తప్పింది. హాల్లో నేనొక్కదాన్నే గమనించానని అనుకోను. మూడోసారి చేరింది. జనం ఓపికగా తీగ వైపే చూస్తూ కూర్చున్నారు. అది తెగలేదు.

ఓనరు శాలువా కప్పుతూ చిన్నబుచ్చుకున్నారు. "బాగా వాయించేరండి. కాకపోతే తీగ తెగలేదండీ."

"తెగదండీ," అన్నారు బావగారు. "కొత్తది వేసేను."

"అయ్యయ్యో, ముందే చెప్పాల్సిందండీ," అన్నారాయన. "మా వియ్యంకుడు గారు ముమ్మిడివరం నుంచి దానికోసమే వచ్చేరు."