టంకం కొరికిన చిలక

మొన్న మా ఎదురింటి అమ్మాయి తన పెంపుడు పక్షి రెట్టను ఫోనులో ఫొటో తీసి డాక్టరుకు పంపుతుంటే చూశాను. ఎనభైల మొదట్లో, ఖరగ్‌పూర్ ట్రాఫిక్ కాలనీలోని మా క్వార్టర్లో, అలా రెట్ట చూసే పని మా అమ్మది.

మాకో రామచిలక ఉండేది. నాన్న రైల్వే వర్క్‌షాపులో రేకుపని చేసేవారు కనుక పంజరం కొనలేదు. తీగలు తెచ్చి, ప్రతి అతుకుకూ మెరిసేలా టంకం పోసి తనే చేశారు, ఇంటికొచ్చిన వాళ్లకు చిలక కంటే ముందు పంజరాన్నే చూపించేవారు. అడుగున పాత పేపరు పరిచేవాళ్లం. చదువురాని అమ్మ మర్నాడు దాన్ని తీసేటప్పుడు నాకంటే ఎక్కువసేపు చూసేది.

ఒక వర్షాకాలం రెట్ట ముదురాకుపచ్చ నీళ్లలా మారిందని ఆవిడే చెప్పింది. మేం నమ్మలేదు. ఎవరైనా దగ్గరికెళ్తే చిలక నిటారుగా కూర్చునేది మరి. అమ్మ వంటింటి తలుపు చాటునుంచి గమనించి, మనుషులు లేనప్పుడు అది ఈకలు ఉబ్బించుకుని పగలే కునుకుతోందనీ, ఊపిరి తీసినప్పుడల్లా తోక ఎగిరిపడుతోందనీ పట్టుకుంది. నాన్న పచ్చిమిరపకాయలు పెట్టమన్నారు. ముట్టలేదు. మూడోనాటికి కాళ్లలో పట్టు లేక కర్రమీంచి జారి పంజరం అడుగున కూలబడింది.

నాన్న సైకిలు మీద ఊళ్లోని ఖరిదా బజారుకు వెళ్లి, ఆవులకు మందిచ్చే బెంగాలీ డాక్టరును అడిగొచ్చారు. వెచ్చగా ఉంచమనీ, ఏం కొరుకుతోందో చూడమనీ, సీసం గానీ కడుపులోకి పోతుంటే ఇక బతకదనీ ఆయన చెప్పాడట.

అమ్మ పంజరాన్ని వెలుగువైపు తిప్పింది. అతుకుల నిండా ముక్కు గాట్లు.

"వర్క్‌షాపులో నేనేసిన అతుకు ఊడిపోనాదని ఇన్నాళ్లలో ఒక్కడన్నాడేటే?" అన్నారు నాన్న.

"ఊడిందని ఎవులన్నారు? సిలక తినేత్తందంతన్నాను."

టంకంలో సీసం ఉంటుందని నాన్నకు ఒకరు చెప్పక్కర్లేదు. కాసేపు ఆ గాట్లను వేలితో తడిమారు. తర్వాత చిలకను వెదురుబుట్టలోకి మార్చి, తువ్వాలు కప్పి, వాకిట్లో కూర్చుని తన పంజరాన్ని తనే పట్టకారుతో ముక్కలు చేశారు.

అమ్మ పలచటి గంజి చుక్కచుక్కగా పట్టింది. అయిదు రోజులు ఎవరికీ ఆశ లేదు. ఆరోనాడు చిలక అమ్మ వేలు కరిచింది. నెత్తురొచ్చిందని ఆవిడ సంబరంగా అందరికీ చూపించింది.

నాన్న తనకు చేతకాని వెదురుపనితో వంకర గూడొకటి అల్లారు. "మిస్త్రీ దాదా, ఇదేటి, కోళ్ల గంపా?" అని తోటివాళ్లు ఆటపట్టిస్తే, "సిలక బతికింది గదా, ఠీక్ హై" అనేవారు.

రామచిలకల్ని ఇళ్లలో పెంచకూడదని ఇప్పుడు చాలామందికి తెలుసు, అది మంచిదే. ఆ క్వార్టర్లో ఇప్పుడెవరున్నారో నాకు తెలియదు, నాన్నా అమ్మా లేరు. పత్రికలో ఇన్నేళ్లు పనిచేసి, అచ్చయిన తప్పుకు నాలుగు వాక్యాల సవరణ వేయడానికి మేమెంత తటపటాయించేవాళ్లమో చూశాను. నాన్నకు ఆ రోజు గంట కూడా పట్టలేదు.