మచ్చలక్క కడుపుమంట

స్టూడియోలో ఆవిడ అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా కనపడదు. అందరికీ ఆవిడ మచ్చలక్కే.

ఫిల్మ్ రోజుల్లో, ప్రింట్ల మీద పడ్డ తెల్ల చుక్కలను సన్నటి కుంచెతో పూడ్చే పనికి చేరింది. కంప్యూటర్లు వచ్చాక కుంచె పోయి మౌస్ వచ్చింది, పని మాత్రం మారలేదు. పెళ్ళి ఫొటోల్లో ఆకాశం మీదా, తెల్ల గోడల మీదా కనిపించే బూడిదరంగు మచ్చలను ఒక్కొక్కటే చెరిపేది. పెళ్ళికి ఎనిమిది వందల ఫొటోలు. "మా అక్క చెయ్యి పడితే చందమామకైనా మచ్చ పోతుంది" అని యజమాని వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. ఆ మాట విన్న రోజు ఆవిడ ఇంటికి వెళ్ళే నడకే వేరు.

కెమెరాలు బాగుచేసే దుకాణం ఒకటి మూతపడి, అక్కడి మెకానిక్ ఈ స్టూడియోలో చేరింది. ముప్పై అయిదేళ్ళ మనిషి. మాట తక్కువ. చేరిన రోజే మచ్చలక్క కుర్చీ వెనక నిలబడి స్క్రీన్ చూసింది.

"అక్కా, ప్రతి ఫొటోలోనూ ఈ మచ్చ ఇక్కడే ఉంది, చూశారా?"

"ఏళ్ళ తరబడి చూస్తూనే ఉన్నా."

"ఇది ఫొటోది కాదండీ, కెమెరాది. లెన్సు వెనక బొమ్మ పడే పలక, సెన్సర్, దాని మీద దుమ్ము పడింది. అక్కడ ఒక్కసారి తుడిస్తే ఇక్కడ ఎనిమిది వందలసార్లు చెరపక్కర్లేదు."

ఆ గొంతులో ఎగతాళి లేదు. ఉన్నా బాగుండేది, తిట్టుకోవడానికి వీలుండేది.

తుడుస్తుండగా షట్టర్ మూసుకుపోకుండా, మెకానిక్ ముందు బ్యాటరీ నిండుగా ఉందో లేదో చూసుకుంది. లెన్సు తీసి, కెమెరాను బోర్లా పట్టుకుని రబ్బరు బుడ్డితో గాలి కొట్టింది. వెడల్పాటి పుల్ల మీద రెండు చుక్కల ద్రవం వేసి సెన్సర్‌ని ఒక్కసారి అటు, పుల్ల తిప్పి ఒక్కసారి ఇటు తుడిచింది. తెల్ల గోడను ఫొటో తీసి చూపిస్తే, గోడ కడిగిన పళ్ళెంలా ఉంది.

"ఇన్నాళ్ళూ ఎక్కడున్నావమ్మా నువ్వు!" అన్నాడు యజమాని.

మచ్చలక్క మౌస్‌ని పక్కకి నెట్టింది.

తర్వాతి పెళ్ళి ఫొటోల్లో చెరపడానికి ఏమీ లేదు. ఆవిడ ఒక్కో ఆకాశాన్నీ పెద్దది చేసి వెతికింది. చివరికి ఒక మచ్చ దొరికింది. ప్రాణం లేచివచ్చి ఇంకా పెద్దది చేసి చూస్తే అది పక్షి.

"పని తగ్గిందిగా, సుఖంగా ఉండవే" అన్నాడు దర్జీ పని చేసే భర్త.

"నీ మిషను ఎదురుగా ఇంకో దర్జీ వచ్చి కూర్చుంటే అప్పుడు తెలుస్తుంది నీకు సుఖం" అంది.

ఒకరోజు మెకానిక్ సెలవు పెట్టింది. సాయంత్రం ఫంక్షన్‌కి తీసుకెళ్ళాల్సిన కెమెరాలో నాలుగు మచ్చలు కనిపించాయి. యజమాని భోజనానికి వెళ్ళాడు. 'ఆమాత్రం నాకు రాదా' అనుకుని మచ్చలక్క లెన్సు తీసి, నోటితో ఉఫ్ఫని ఊదింది. గోడను ఫొటో తీసి చూస్తే నాలుగు మచ్చలు నలభై అయ్యాయి. చెవిలో పెట్టుకునే దూదిపుల్లతో తుడిచింది. నూనె చేత్తో అద్దం తుడిచినట్టయింది.

యజమాని వచ్చి ఫొటో చూశాడు. "ఇదేంటక్కా ఇలా అయింది?"

"మొన్న తుడిచింది ఆవిడేగా. ఏం చేసిందో ఏమో."

ఆ మాట నోట్లోంచి ఎలా వచ్చిందో ఆవిడకే తెలియదు. వచ్చాక మాత్రం వెనక్కి తీసుకోలేదు.

యజమాని ఫోను చేస్తే మెకానిక్ సెలవు మానుకుని వచ్చింది. భూతద్దం పెట్టి లోపలికి చూసి, సన్నటి పట్టకారుతో ఒక దూది పోగు బయటికి తీసింది. ఆ పోగు వంకా, మచ్చలక్క వంకా చూసి, దాన్ని చీరకొంగుకి తుడిచేసింది.

"ఏం కాలేదు సార్. అరగంటలో ఇచ్చేస్తా."

శుభ్రం కావడానికి నాలుగు పుల్లలు పట్టాయి. యజమాని కెమెరా పట్టుకుని వెళ్ళాక, "నోటితో ఊదకండి అక్కా, ఉమ్మి తుంపర్లు పడతాయి. సెన్సర్ పైన గాజు పలక ఉంది కాబట్టి బతికిపోయాం" అంది మెకానిక్.

"మరి సార్‌కి చెప్పలేదేం?"

"చెబితే కెమెరా బాగుపడుతుందా? ఇలా రండి, పుల్ల పట్టుకోవడం చూపిస్తా."

తిట్టినా తట్టుకునేది. ఈ మంచితనమే మచ్చలక్కకి మిరపకాయ కొరికినట్టుంది. "ఇప్పుడు కాదు" అని సంచీ తీసుకుని వెళ్ళిపోయింది.

మూడు రోజులు ఆ పక్కకి చూడలేదు. నాలుగో రోజు యజమాని దగ్గరికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఆయన నవ్వి, "నీకెందుకక్కా ఆ పని, ఆవిడ చూసుకుంటుందిగా" అన్నాడు. మచ్చలక్క తిన్నగా మెకానిక్ బల్ల దగ్గరికి నడిచింది.

"నేర్పుతానన్నావుగా, నేర్పు. ముందే చెబుతున్నా, నిన్ను చూస్తే నాకు కడుపు మండిపోతోంది."

"తెలుసు. మా దుకాణం మూసేసినప్పుడు పక్క దుకాణంవాళ్ళని చూస్తే నాకూ అలాగే ఉండేది" అంటూ మెకానిక్ కుర్చీ జరిపింది.

పదిహేను రోజుల్లో మచ్చలక్కకి చెయ్యి కుదిరింది. ఇప్పుడు సెన్సర్లు ఇద్దరూ తుడుస్తున్నారు. కానీ యజమాని మాత్రం కెమెరా తెచ్చి ముందు మెకానిక్ బల్ల మీదే పెడతాడు. పెట్టిన ప్రతిసారీ మచ్చలక్క లేచి వెళ్ళి, "ఇది నాది" అని తీసుకొచ్చుకుంటుంది. మెకానిక్ అడ్డుచెప్పదు. అందుకూ ఆవిడకి మంటే.