సున్నపు బట్టీ వెనక చోటు

ఎంగ్రాసియాని నేను యాభై ఏళ్ళుగా ఎరుగుదును. ఆమె నాతో అబద్ధమాడింది ఒక్క విషయంలోనే, అదీ ప్రతి అక్టోబరులోనూ. తెల్లారుతుండగా అడవిలోంచి దిగి నేరుగా నా బేకరీకి వచ్చేది. చేతిలో బుట్ట, బుట్ట మీద గుడ్డ, బూట్ల నిండా మట్టి. "ఏమైనా దొరికాయా?" అంటే "ఎక్కడే తల్లీ, ఈ ఏడు వానలేవీ?" అనేది. ఆ మాట నోట్లో ఉండగానే బుట్ట అడుగునుంచి నారింజరంగు రసం నా గచ్చు మీద బొట్లు బొట్లుగా పడేది. ఇద్దరం ఆ బొట్లని చూసేవాళ్ళం. చూసి, రొట్టె సంగతి మాట్లాడుకునేవాళ్ళం.

మా కొండల్లో దాన్ని అబద్ధం కింద జమకట్టరు. రువెయ్యోలనే ఆ పుట్టగొడుగులు ఎక్కడ మొలుస్తాయో అడగడమే తప్పు. పొలమైతే కొడుకులందరికీ పంచుతారు గానీ, పుట్టగొడుగుల చోటు పంచరు. ఒక్కరికే చెబుతారు, అదీ ప్రాణం పోయే ముందు. చెప్పే లోపే పోయినవాళ్ళూ ఉన్నారు. ఆ ఇళ్ళల్లో పిల్లలు ఏడ్చింది తండ్రి కోసమో చోటు కోసమో నేను చెప్పలేను.

ఎంగ్రాసియా తండ్రి అడవిలో బొగ్గులు కాల్చేవాడు. పోయే రోజున ముగ్గురు కొడుకుల్నీ గది బయట నిలబెట్టి, కూతుర్ని లోపలికి పిలిచి చెవిలో చెప్పాడు. ఇల్లు, కంచరగాడిదలు, ఉన్న కాస్త భూమి అన్నలు తీసుకున్నారు. అయినా ఆరేళ్ళు చెల్లెలితో మాట్లాడలేదు. ఆమె ఊలు మిల్లులో ముప్ఫై ఏళ్ళు పనిచేసింది. పెళ్ళయ్యాక ఉన్న ఇల్లు అత్తగారిది, జీతం సంసారానిది. తనదంటూ ఆమెకి మిగిలింది ఆ చోటొక్కటే.

మొగుడు వెంతురా ఊళ్ళో పైపులు బాగుచేసేవాడు. మంచివాడే, కానీ నోట్లో నువ్వుగింజ నానదని పేరు. ఎవరింట్లో కుళాయి విప్పితే ఆ ఇంటి సంగతులన్నీ సాయంత్రానికి బార్‌లో పారేవి. పుట్టగొడుగుల కాలం వస్తే చాలు, నా కొట్లో అందరి ముందూ పెళ్ళాం వెంట పడేవాడు.

"ఎక్కడే? కట్టుకున్న మొగుణ్ణి కదే, చెవిలో చెప్పవే!"

"నువ్వు చచ్చాక చెబుతాలే, సమాధి దగ్గరికొచ్చి."

అందరం నవ్వేవాళ్ళం. ఏటేటా అదే ప్రశ్న, అదే జవాబు, అయినా నవ్వొచ్చేది.

పోయిన ఫిబ్రవరిలో వెంతురాకి గుండె ఆపరేషన్ జరిగింది. మర్నాడు ఎంగ్రాసియా ఆసుపత్రి నుంచి వచ్చి, కోటు కూడా విప్పకుండా నా పిండి బస్తాల మీద కూలబడింది.

"చెప్పేశానే, రుఫీనా."

"ఏం చెప్పావు?"

"చోటు. లోపలికి తీసుకెళ్తుంటే డాక్టరు మొహం చూశాను. బతకడనిపించింది. ఏమీ తెలీకుండా పోతే ఎట్లాగే అనిపించి, చెవిలో చెప్పేశాను. చిన్నపిల్లాడిలా ఏడ్చాడే నా చెయ్యి పట్టుకుని."

"మరి ఇప్పుడు?"

"ఇప్పుడేముంది, బతికాడుగా!"

ఇద్దరం కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వాం. చచ్చేవాళ్ళు బతికేవాళ్ళకి చెప్పడం మా ఆచారం. బతికేవాళ్ళు చచ్చేవాళ్ళకి చెప్పడం ఎంగ్రాసియా ఒక్కతే చేసింది. ఇంటికొచ్చాక ఎవరికీ చెప్పనని వెంతురా చేత ఒట్టు వేయించుకుంది. వసంతమంతా, వేసవంతా ఒక కన్ను అతని మీదే వేసి ఉంచింది. ఎక్కడా నోరు జారలేదు. "మనిషి మారాడే" అంది ఆగస్టులో. అంటున్నప్పుడు మొహంలో కొత్త పెళ్ళికూతురి మెరుపు.

అక్టోబరు చివర్లో మా పెన్షనర్ల క్లబ్బు విహారయాత్ర. ఈసారి పట్నంలోని ఒక ట్రావెల్స్ వాళ్ళు ఏర్పాటు చేశారు. బస్సులో సగం మేము, సగం బార్సిలోనావాళ్ళు. పొద్దున్న "రహస్య అడవి"లో పుట్టగొడుగులేరడం, మధ్యాహ్నం సముద్రం ఒడ్డున భోజనం. అడవి పేరు కాగితంలో రాయలేదు, దిగాకే తెలుస్తుందట. మేం వెళ్ళేది సముద్రం కోసం, రొయ్యలేసి వండిన అన్నం కోసం. డబ్బులిచ్చి పుట్టగొడుగులేరడమేమిటని ఎంగ్రాసియా దారంతా ఎగతాళి చేసింది.

"వీళ్ళకి పార్కింగు పక్కన నాలుగు కుక్కగొడుగులు చూపించి ఫోటోలు తీయిస్తారు చూడు" అంది. కిటికీ పక్కన ఆమె, పక్కన నేను. వెంతురాకి బస్సు పడదు గనక ముందు వరసలో కూర్చున్నాడు. జినెస్తా అనే గైడు పిల్ల మైకులో కథలు చెబుతోంది.

పాలడెయిరీ దగ్గర బస్సు పెద్ద రోడ్డు వదిలింది. ఎంగ్రాసియా మాట ఆగిపోయింది. అంతోని సన్యాసి పేరిట ఉన్న చిన్న చర్చి దగ్గర ఎడమకి తిరిగింది. నా మణికట్టు మీద ఆమె చెయ్యి పడింది. వాగు దాటి, రెండు బళ్ళు ఎదురైతే ఇరుక్కుపోయే మట్టిదారి పట్టేసరికి ఆమె గోళ్ళు చర్మంలోకి దిగాయి. అడవిలో ఆమె చోటు ఎక్కడో నాకు యాభై ఏళ్ళుగా తెలీదు. ఆ గోళ్ళ వల్ల తెలిసింది. కూలిపోయిన సున్నపు బట్టీ ఒకటి కనిపించింది. బస్సు దాని ముందు ఆగింది.

"ఒక బొగ్గుల కుటుంబం తరతరాలుగా దాచుకున్న చోటండీ ఇది!" అంది జినెస్తా. బార్సిలోనావాళ్ళు చప్పట్లు కొట్టారు. మా ఊరివాళ్ళు కొట్టలేదు. బొగ్గుల కుటుంబమంటే ఎవరో వాళ్ళకి తెలుసు. ఒక్కొక్కరూ వెనక్కి తిరిగి ఎంగ్రాసియాని చూశారు, ఆ తర్వాత చూపులు దించుకున్నారు.

ఆమె మాత్రం ముందు వరస వైపే చూస్తోంది. వెంతురా టోపీ కళ్ళ మీదికి లాక్కుని, మెడ భుజాల్లోకి దించేశాడు. అప్పుడు నాకూ అర్థమైంది.

మా ఊరివాళ్ళు దిగి దారి పక్కనే నిలబడిపోయారు. బార్సిలోనావాళ్ళు పాతికమంది ప్లాస్టిక్ బకెట్లు పట్టుకుని అరుచుకుంటూ పైన్ చెట్ల కిందికి దూరారు. ఆకులు కాళ్ళతో చిమ్మారు, నాచు పీకారు. పుట్టగొడుగు కోసినచోట ఆకులు తిరిగి కప్పి, వచ్చిన జాడ లేకుండా చెయ్యాలని మాకు నాలుగేళ్ళ వయసులోనే నేర్పుతారు. వాళ్ళకి ఎవరు నేర్పుతారు? నాకు ఒళ్ళు మండింది. దిగి ఆ గైడు పిల్ల మైకు లాక్కోవాలనిపించింది. కానీ ఎంగ్రాసియా నా చెయ్యి వదల్లేదు, సీటూ వదల్లేదు. వెంతురా కూడా దిగలేదు. ఖాళీ బస్సులో వాళ్ళిద్దరి మధ్య తొమ్మిది వరసలు.

కాసేపటికి బార్సిలోనా ఆవిడొకరు, పాపం మర్యాదస్తురాలు, అందరికన్నా ముందు బస్సెక్కి బకెట్ ముందుకు చాచింది. "అమ్మా, మీరీ ప్రాంతంవారిలా ఉన్నారు. ఇవి తినొచ్చా?"

ఎంగ్రాసియా ఒకటి తీసి తిప్పి చూసింది. "తినొచ్చు. కానీ ఇలా పీకకూడదు. కాడ దగ్గర కొయ్యాలి. పీకితే మళ్ళీ ఏడు రావు." గొంతు ఎప్పటిలాగే ఉంది. ఆవిడ థాంక్స్ చెప్పి వెళ్ళిపోయింది. నాకు ఏడుపొచ్చింది.

సముద్రం దగ్గర హోటలువాళ్ళు మా ముగ్గుర్నీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. బయట ఎండ, నీలంగా నీళ్ళు, పడవలు, ఫోటోలు తీసుకునే జనం. అన్నం వచ్చింది. నేను లేచి వెళ్ళాల్సింది. లేవలేదు. ఒప్పుకుంటున్నాను, నా బుద్ధే అంత.

ముందు వెంతురాయే నోరు తెరిచాడు. "బస్సేసుకుని వస్తుందని నాకేం తెలుసే?"

"ఎలా చెప్పావు?"

"బార్‌లో అందరూ ఆడిపోసుకున్నారే. నలభై ఏళ్ళు కాపురం చేసినా నీ పెళ్ళాం నిన్ను నమ్మలేదురా అన్నారు. నమ్మిందిరా, చెప్పిందిరా అన్నాను. అబద్ధం అని నవ్వారు. యాత్ర మాట్లాడటానికొచ్చిన ఆ గైడు పిల్లొక్కతే నవ్వలేదు. బయటికొచ్చాక 'తాతా, నేను నమ్ముతున్నాను' అంది. కాగితం మీద గీసిచ్చాను."

"నమ్మినందుకు బహుమానమా?"

"గొప్పగా ఉందే నాకు! నువ్వు నాకు చెప్పావని గొప్పగా ఉంది. అర్థం కాదా నీకు?"

ఎంగ్రాసియా చెంచా కింద పెట్టింది. "నువ్వు చచ్చిపోతావనుకుని చెప్పాను, వెంతురా. బతుకుతావని తెలిస్తే చెప్పేదాన్ని కాదు."

అతని మొహం పాలిపోయింది. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన రోజు కూడా అలా చూడలేదు నేను. "అంతేనా?"

"అంతే."

అతను రొట్టె తుంపుతూ కూర్చున్నాడు, తినలేదు. తర్వాత తలెత్తాడు.

"అయితే నేనూ ఒకటి చెబుతా విను. ఆ చోటు నాకు ఆసుపత్రిలో తెలియలేదు. పెళ్ళయిన మొదటి అక్టోబరులోనే నీ వెనకాలే వచ్చాను. బట్టీ గోడ చాటున నిలబడి చూశాను. నలభై ఏళ్ళల్లో ఒక్కడికీ, ఒక్క ముక్కా చెప్పలేదు. ఎందుకు? నువ్వివ్వలేదు గనక. నా చెవిలో చెప్పిన రోజున అది నాదైంది. నాదనుకున్నాను గనకే నలుగురిలో చెప్పుకున్నాను."

ఊరంతా వాగుడుకాయ అనుకున్న మనిషి ఇంత గుట్టు కడుపులో పెట్టుకుని తిరిగాడా అని నేను నోరెళ్ళబెట్టాను. దాచుకోకుండా చెబుతున్నాను, ఒక్క క్షణం నా మనసు అతని వైపు ఒరిగింది. గెలిచాననుకున్నాడేమో, అతను కూడా కాస్త నిటారుగా కూర్చున్నాడు.

ఎంగ్రాసియా మెల్లగా అడిగింది. "మొదటి ఏడే చూశావా?"

"చూశాను."

"మరి ఏటేటా అడిగేవాడివి కదా? ఎక్కడే, చెప్పవే అని?"

"సరదాకే పిచ్చిదానా. అందరూ నవ్వేవాళ్ళుగా."

"నీకు సరదా" అంది ఆమె. "నువ్వడిగిన ప్రతిసారీ నాకు అన్నం సహించేది కాదు. కట్టుకున్నవాణ్ణి బయటివాడిలా చూస్తున్నానే అని. ఏటా చర్చిలో ఫాదర్ ముందు మోకరిల్లి అదే పాపం చెప్పుకునేదాన్ని. ఆయనకి నవ్వొచ్చేది, నాకు రాలేదు. నీ చొక్కాలు ఇస్త్రీ చేస్తే అందుకే చేశాను, మీ అమ్మ ఒళ్ళు పదకొండేళ్ళు తుడిస్తే అందుకే తుడిచాను, ఆ ఒక్కటీ నీకివ్వలేకపోతున్నానని. నలభై ఏళ్ళు మోశాను, వెంతురా. నువ్వు అది చూస్తూ నవ్వుకున్నావు."

నా మనసు ఒరిగినదల్లా తిరిగి లేచి నిలబడింది. నాకు తెలిసినంతవరకు ఆ రోజు అడవిలో బకెట్లతో పోయినది చిన్నది. చెప్పినందుకు తిట్టి, కొన్నాళ్ళకి క్షమించేదే. కానీ ఆ బల్ల దగ్గర పోయినది ఏ వానకి మళ్ళీ మొలుస్తుంది?

హారన్ కొడితే బస్సెక్కాం. ఆమె నా పక్కన, అతను ముందు వరసలో. ఊరొచ్చేదాకా ఆమె తన కిటికీ తెర తెరవలేదు.

విడిపోతారనుకుని ఉంటారు మీరు. మా ఊళ్ళో ఆ వయసులో ఎవరూ విడిపోరు. ఇద్దరూ రోజూ నా కొట్టుకి కలిసే వస్తారు. అతనికి ఉప్పులేని సూపు వండుతుంది, మాత్రలు గుర్తు చేస్తుంది, బూట్లు తుడుచుకోలేదని కసురుతుంది. అతనూ ఆమె బుట్ట పట్టుకుంటాడు, వాన సంగతి చెబుతాడు. ఇంతకు ముందుకన్నా ఎక్కువే మాట్లాడుకుంటారు. అన్నీ నా గల్లాపెట్టె ముందే, పెద్ద గొంతుతోనే. ఊరివాళ్ళు వినకుండా చెవిలో చెప్పుకునే మాటంటూ వాళ్ళిద్దరి మధ్య ఇప్పుడు ఒక్కటీ మిగల్లేదు.